వెనక గడిలోని ‘లేదు’

రాజవ్వ పోయి నెల తిరగకముందే ఆమె మాట గోదావరిఖని గోడలెక్కింది. ఎర్ర రంగుతో, మనిషెత్తు అక్షరాలతో: “భయం లేదు.” కింద చిన్నగా ఆమె పేరు. బొగ్గుబాయి గేట్ల ముందు కాంట్రాక్టు స్వీపర్లను కూడగట్టి, బతికినన్నాళ్లూ మైకు లేకుండానే మాట్లాడిన మనిషి ఆమె. పక్షవాతం వచ్చి గొంతు పడిపోయినా, మంచం పక్కనున్న పెట్టెతో ఆ రెండు మాటలు పలికించి కన్నుమూసిందని ఊరంతా చెప్పుకుంది. సంస్మరణ సభకు బ్యానరు మీద రాయించేదీ అదే మాట.

ఆ పెట్టెను తయారు చేసింది ఆమె కూతురు స్వరూప.

మోటార్లకు వైండింగు చేసే షాపు మీద రెండు గదులు. అదే ప్రయోగశాల. పాలిటెక్నిక్ మధ్యలో మానేసిన స్వరూప, సెల్‌ఫోన్లు విప్పి విప్పి విద్య నేర్చుకున్న ఇలియాస్, ఇద్దరే శాస్త్రవేత్తలు. వాళ్లు చేసిన వస్తువు పేరు గొంతుపట్టీ. మెడకు చుట్టుకునే పట్టీ అది. మనిషి మాట అనాలనుకున్నప్పుడు, నోరు కదలకపోయినా, మెదడు నుంచి గొంతు నరాల్లోకి సంకేతం దిగుతుంది. పట్టీ దాన్ని పట్టుకుని మాటగా గుర్తించి, నెట్‌వర్క్ కార్డు ద్వారా పెట్టెకు పంపుతుంది. పెట్టె ఆ మనిషి పాత గొంతుతోనే పలుకుతుంది.

ఇలాంటిదే ఎక్కడో ఒక పెద్ద కంపెనీ చేసి దానికి తాళం వేసుకుంది. లోపల ఏముందో ఎవరూ చూడకూడదట. స్వరూపకు అది విని ఒళ్లు మండింది. మనిషి గొంతు మీద ఇంకొకడి తాళమేమిటి? అందుకే గొంతుపట్టీలో నడిచేదంతా అందరికీ తెరిచి ఉన్న కెర్నెల్. కెర్నెల్ అంటే యంత్రానికి గుండెకాయలాంటి మూల ప్రోగ్రాం. దేశదేశాల వాళ్లు కలిసి రాస్తారు, కలిసి దిద్దుతారు. నలుగురి ఎదుట పరీక్షకు నిలవని ఒక్క అక్షరం కూడా ఏ పట్టీలోకీ పోకూడదని స్వరూప నియమం పెట్టింది. తనకు తానే దొంగదారి లేకుండా చేసుకుంది. ఆ నియమం కోసం సభల్లో కొట్లాడింది కూడా. ఇప్పుడు ఆ పట్టీలు కృష్ణా అవతల, కావేరి అవతల కూడా వేల మెడలకు ఉన్నాయి.

సభ దగ్గరపడిన ఒక పొద్దున కనకవ్వ ఫోన్లోనే విరుచుకుపడింది. ఆమె భర్త దుర్గయ్య బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనవాడు. పక్షవాతంతో మంచాన ఉన్నాడు.

“నీ పెట్టెకు బుద్ధున్నదా బిడ్డా, లేకుంటె మా ముసలాయనకే పోయిందా?”

“ఏమైంది పెద్దమ్మా?”

“‘చాయ్ వద్దు’ అంటడు. సరే అని కప్పు తీస్కపోతుంటె నన్ను నమిలి మింగేటట్టు చూస్తడు. తిరిగొచ్చి నోటికాడ పెడితె గటగట తాగుతడు. మంచిగున్న దినాల్ల సుత ఇంత తిరకాసు లేకుండె ఆయనకు.”

పక్క నుంచి ఇలియాస్ అందుకున్నాడు. “అలిగిండేమో పెద్దమ్మా. జర బతిమిలాడు.”

“ఆయన నన్ను ఎన్నడన్న బతిమిలాడిండా, నేను బతిమిలాడనీకి? పొద్దుగాల తానం చేపిస్త అంటె వద్దన్నడు. ఊకున్న. చాయ్ గూడ వద్దంటె ఇగ నేనెందుకు, ఈ సంసారమెందుకు?”

ఇలియాస్ నవ్వుతున్నాడు. స్వరూప నవ్వలేదు.

“పెద్దమ్మా, తానం వద్దన్నంక చాయ్ సంగతి వచ్చిందా? నడుమ ఇంకేమన్న అన్నడా?”

“ఇంకేమంటడు? గంతే.”

ఫోన్ పెట్టేసి స్వరూప ఒక పట్టీ తీసి ఇలియాస్ మెడకు చుట్టింది. “నోరు మూసుకో. ముందు ‘తానం వద్దు’ అనుకో. తర్వాత ఒట్టిగ ‘చాయ్’ అనుకో.”

ఇలియాస్ పెదాలు బిగించాడు. పెట్టె “తానం వద్దు” అంది. కాసేపాగి “చాయ్ వద్దు” అంది.

“నేను వద్దనలేదక్కా,” అన్నాడు ఇలియాస్.

“తెలుసు.”

పట్టీ నుంచి మాటలు చిన్న చిన్న పొట్లాలుగా పోతాయి. ఒక్కో పొట్లంలో నాలుగు గళ్లు, గడికొక మాట. కార్డు సగం పొట్లాన్ని ఒప్పుకోదు, నాలుగు గళ్లూ ఉండాల్సిందే. మనిషి ఒక్క మాటే అంటే మిగతా మూడు గళ్లను తుడిచి ఖాళీగా పంపాలి. ఆ పని డ్రైవర్‌ది. కార్డుకూ కెర్నెల్‌కూ మధ్య దుబాసీలాంటి చిన్న ప్రోగ్రాం అది. ఆ దుబాసీ తుడవడం మరిచిపోయింది. మొదటి గడిలో కొత్త మాట పెట్టి, వెనక గళ్లలో అంతకుముందు మాటల తోకను అలాగే వదిలేసి పంపుతోంది.

ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు తెలియలేదు? పరీక్షించింది నోరున్నవాళ్లు కాబట్టి. స్వరూప, ఇలియాస్, ఇంకా సాయం చేసిన పిల్లలూ అందరూ నిండు వాక్యాలతో పరీక్షించారు. “ఈరోజు ఎండ ఎక్కువగా ఉంది” అన్నారు. నాలుగు గళ్లూ నిండాయి, అంతా బాగుందన్నారు. పక్షవాతంతో పడుకున్న మనిషి వాక్యం అల్లలేడని, ఒక్క మాటను పైకి తేవడానికే వాడి పాణం పోతుందని ఎవరికీ తట్టలేదు. ఇళ్లలో “మంచినీళ్లు లేదు” అని పెట్టె అంటే, పాపం మాట తడబడుతోందని నవ్వుకున్నారు. తప్పుగా అతికినప్పుడు నవ్వారు. సరిగ్గా అతికినప్పుడు నమ్మారు.

స్వరూప కుర్చీలోంచి లేవలేదు. పట్టీ విప్పుకుంటున్న ఇలియాస్ ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

“అక్కా, మరి అమ్మ...”

“ముందు ఇండ్లకు ఫోన్లు చెయ్యి,” అంది స్వరూప. “లేదన్నా, వద్దన్నా నమ్మొద్దని చెప్పు.”

సాయంత్రం దాకా ఇద్దరూ ఫోన్లు చేశారు. ఒకాయన అడిగాడు, “మరి నిజంగనే వద్దంటె మాకెట్ల తెల్వాలె?” తమ దగ్గర పట్టీ తీసుకున్నవాళ్ల నంబర్లే వాళ్లకు తెలుసు. మిగతా వేలమంది ఎవరో, ఏ మంచాల మీద ఉన్నారో తెలియదు.

చివరి రోజుల్లో రాజవ్వను ఆస్పత్రిలో చేర్చింది జ్వరానికి. డాక్టరమ్మ మంచి మనిషి, పొట్ట నొక్కి చూస్తూ “నొప్పి ఉందా అమ్మా?” అని అడిగింది. పెట్టె “నొప్పి లేదు” అంది. మర్నాడూ అదే. అంతకుముందు ఎప్పుడో అన్నం తినమంటే “ఆకలి లేదు” అని రాజవ్వ నిజంగానే అంది. ఆ ‘లేదు’ రెండో గడిలో కూర్చుండిపోయింది. ఆ తర్వాత చివరి గంట దాకా ఆమె అన్నవన్నీ ఒంటి మాటలే. “నొప్పి” అంటే “నొప్పి లేదు”. “మంట” అంటే “మంట లేదు”. జ్వరం తగ్గింది కదా అని ఇంటికి తీసుకొచ్చారు. లోపల పేగుకు చిల్లు పడి ఉంది. తెలిసేసరికి ఒంటినిండా విషం పాకింది. ఇంటి ముందు జనం మూగారు. ఎవరో దండం పెట్టి “ధైర్యంగుండు రాజక్కా” అన్నారు. పెట్టె “భయం లేదు” అంది. జనం కళ్లు తుడుచుకుని నినాదాలిచ్చారు.

డ్రైవర్‌లో దిద్దాల్సింది రెండు లైన్లు. వెనక గళ్లను తుడిచెయ్. అంతే. ఆ రెండు లైన్లు లేక తల్లి పోయింది. స్వరూప ఆ దిద్దుబాటును పాచ్‌గా రాసి, పరీక్షించి, కెర్నెల్ రాసేవాళ్లందరికీ చేరే మెయిలింగ్ లిస్టుకు పంపింది. ఆ విభాగానికి పెద్దదిక్కు హెన్రిక్ అనే ఆయన, ఎక్కడో చలిదేశంలో ఉంటాడు. మర్యాదస్తుడు. మర్నాడే జవాబిచ్చాడు.

“తప్పు నిజమే, దిద్దుబాటూ బాగుంది. కానీ ఇది చిన్న లోపం. ఖాళీ గళ్లలో పాత మాటలు వస్తే అది చెత్త అని వినేవారికి తెలిసిపోతుంది కదా. వచ్చే విడుదలలో చేరుద్దాం. అత్యవసరంగా అన్ని పట్టీలకూ పంపాలంటే, దీనివల్ల ఎవరికైనా నిజంగా హాని జరిగిందని ఆధారం చూపించాలి.”

స్వరూప మొదట బూతులు తిట్టింది. తర్వాత ఆలోచిస్తే ఆయన తప్పు కూడా కనిపించలేదు. ఆయన భాషలో కాదనే మాట ముందే వస్తుంది. కొత్త మాట మొదటి గడిలో పడగానే అది చెరిగిపోతుంది. తోకలో మిగిలేది ఏ ఆకలో, నీళ్లో. “నొప్పి ఆకలి” అని పెట్టె అంటే ఎవరైనా పెట్టెను తడతారు. తెలుగువాడు అలా కాదు. చెప్పాల్సిందంతా చెప్పి, ఆఖర్న లేదంటాడు. తమిళంలో అంతే, కన్నడంలో అంతే. ఇక్కడ తోక మిగిలితే అది చెత్త కాదు, మాట మొత్తాన్నీ తిరగేస్తుంది. ఆ సంగతి హెన్రిక్‌కు రాయడం సులువే. ఆధారం మాటేమిటి?

ఆధారం ఒక్కటే ఉంది. పట్టీ తాను నరాల నుంచి విన్న మాటలను తనలో దాచుకుంటుంది. పెట్టె తాను పలికినవి దాచుకుంటుంది. రెండూ పక్కపక్కన పెట్టాలి. రాజవ్వ పెట్టె ప్రయోగశాలలోనే ఉంది. పట్టీ యూనియన్ ఆఫీసులో, ఆమె ఫొటో కింద పూలదండతో ఉంది.

యూనియన్ కార్యదర్శి పోశం, రాజవ్వకు తమ్ముడు, స్వరూపకు మేనమామ. నేల మీద పరిచిన బ్యానరు గుడ్డ అంచులను ఇటుకలతో అదిమి పెడుతున్నాడు.

“పట్టీ ఎందుకు బిడ్డా? సభల దాన్ని టేబుల్ మీద పెడ్తమనుకుంటున్నం.”

“పని ఉన్నది మామా. అవ్వ ‘భయం లేదు’ అనలేదు. ‘భయం’ అన్నది. ‘లేదు’ అన్నది నా మిషిను.”

పోశం నవ్వాడు. “పోలీసోడు లాఠీ పట్టుకుని నిలవడితె వాని ముంగట టిఫిన్ డబ్బా ఇప్పి బువ్వ తిన్న మనిషి మా అక్క. ఆమె భయపడుడేంది?”

“లాఠీకి భయపడలే. సావుకు భయపడ్డది. అండ్ల తప్పేమున్నది?”

ఆమె విడమరిచి చెప్పింది. గళ్లు, తోక, కనకవ్వ చాయ్, ఆధారాన్ని అందరి ఎదుట పెట్టాల్సి రావడం, అన్నీ. పోశం వింటూ వింటూ చేతిలో ఇటుక కింద పెట్టడం మరిచిపోయాడు.

“సరే, అన్నదే అనుకో,” అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. “లోకానికి ఎందుకు చెప్పుడు? సభ అయినంక సమ్మె ఉన్నది. ఆడోళ్లు గేటు ముంగట నిలవడుతున్నరంటె ఆ రెండు మాటలు చూసుకునే. రేపు కాంట్రాక్టర్ గాళ్లు మైకు పెట్టి చెప్తరు, మీ నాయకురాలే భయపడి సచ్చిందని.”

“చెప్పనీ.”

“చెప్పనీ అంటవేంది? నీకేం, పైన రూముల కూసుంటవు. ఎండల నిలవడేది వాళ్లు.”

“మామా, మన లెక్క ఇంకెన్నో ఇండ్లల్ల ఈ పొద్దు మంచం మీద ఎవలో నొప్పి అంటున్నరు. వాళ్లోళ్లు లేదని ఇని పక్కకు జరుగుతున్నరు. ఆధారం పంపితెనే అన్ని పట్టీలు ఒక్కసారి మారుతయి.”

“అయితె కనకవ్వది పంపు. దుర్గయ్య చాయ్ పంపు. మా అక్కనే దొరికిందా?”

“చాయ్ అందక ఎవలు సావలే మామా.”

పోశం ఇటుక విసిరికొట్టలేదు, మెల్లగా కింద పెట్టాడు. ఆమె ఇంకో మాట అంది, అనకూడదనుకుంటూనే. “నొప్పి అన్నది. దినాం అన్నది. మనం దినాం లేదని ఇన్నం.”

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఇంకో పూట ఉంచి చూద్దామంటే, “మా అక్క పులి మేడం, ఆమెనే నొప్పి లేదంటుంటె మీరెందుకు ఉంచుకుంటరు?” అని సంతకం పెట్టి తీసుకొచ్చింది పోశమే. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. స్వరూప చూపు తిప్పుకుంది. పోశం లేచి, ఫొటో దగ్గరికి వెళ్లి, దండ కింద నుంచి పట్టీ తీశాడు. పూలరేకులు దులిపాడు.

“తీస్కపో,” అన్నాడు. “నన్ను మాత్రం అది చూడమనకు.”

బ్యానరు మీద అక్షరాలు రాయడానికి వచ్చినవాడు బయట చెప్పులు విప్పుతున్నాడు. అతనికి పోశం ఏం చెప్పాడో స్వరూప వినలేదు.

ప్రయోగశాలలో ఇలియాస్ పట్టీకి తీగ తగిలించాడు. తెర మీద రెండు వరుసలు తెరుచుకున్నాయి. ఎడమ పక్క మనిషి అన్నది, కుడి పక్క మిషను పలికింది.

నొప్పి. నొప్పి లేదు.

నొప్పి. నొప్పి లేదు.

తెర కిందికి జరుగుతూ పోతే అదే. మధ్యలో “మంట” ఉంది. “పోశం” ఉంది, కుడి పక్కన “పోశం లేదు”. అది విన్నప్పుడు, తమ్ముడు లేడేమని అడుగుతోందనుకుని పోశాన్ని పిలిపించారు. వచ్చి పక్కన కూర్చుని అక్కకు పాటలు పాడాడు. ఆ ఒక్కసారి తప్పు కూడా మంచే చేసింది. మళ్లీ నొప్పి. మళ్లీ నొప్పి. ఇలియాస్ మొహం తిప్పుకుని కిటికీ దగ్గరికి పోయాడు.

భయం. భయం లేదు.

దాని కింద ఇంకో రెండు జతలు ఉన్నాయి. అవి స్వరూప తప్ప ఎవరూ వినలేదు. జనం బయటికి వెళ్లాక, తల్లి కాళ్ల దగ్గర నుంచి తల వైపు వచ్చి కూర్చుని ఆమె చేయి తన చేతిలోకి తీసుకుంది స్వరూప. నీళ్లు పోయమంటావా అని అడిగితే “నీళ్లు వద్దు” అంది. ఈ జతలో ఎడమా కుడీ ఒకటే. నిజంగానే వద్దంది. తర్వాత పెట్టె “పట్టుకోవద్దు” అంది.

స్వరూప అప్పుడు చేయి వదిలేసింది. బతికినన్నాళ్లూ ఎవరి ఆసరా అడగని మనిషి కదా, పోయేటప్పుడు కూడా ఎవరి చేతుల్లోనూ పోనంటోంది అనుకుంది. ఆ మాటను ఎవరికీ చెప్పకుండా దాచుకుంది, తల్లి తనకొక్కదానికే ఇచ్చిపోయిన పౌరుషంలా. చేతులు ఒళ్లో పెట్టుకుని, తగలకుండా జాగ్రత్తగా, ఆఖరి ఊపిరి దాకా మంచానికి జానెడు దూరంలో కూర్చుంది. రాజవ్వ కళ్లు ఆ చేతుల మీదే ఉన్నాయి.

ఎడమ వరుసలో ఒక్క మాటే ఉంది. పట్టుకో.

ఇలియాస్ దగ్గరికి వచ్చి తెర చూశాడు. చదివాడు. ఆమె భుజం మీద చేయి వేయబోయి ఆగి, “అక్కా, పట్టుకోనా?” అని అడిగాడు. అప్పుడు ఏడ్చింది స్వరూప.

ఆ తర్వాత కూర్చుని రాసింది. పాచ్ పైన, ఇది ఎందుకు అత్యవసరమో చెప్పే చోట, ఎడమా కుడీ వరుసలు మొత్తం పెట్టింది. పట్టుకో అన్నది కూడా. ఏదీ చెరపలేదు, ఏదీ సర్దలేదు. కింద నాలుగు ముక్కలు రాసింది: “మా భాషల్లో కాదనడం చివర ఉంటుంది. తుడవకుండా వదిలిన గడి మనిషి మాటను తిరగేస్తుంది. పై మాటలు మా అమ్మవి. నొప్పి లేదని నమ్మి వైద్యం చేయించలేదు. ఆమె చనిపోయింది.”

కెర్నెల్ వాళ్లకొక ఆచారం ఉంది. ప్రతి పాచ్ అడుగున, రాసినవారి పేరుతో పాటు, ఆ తప్పును మొదట బయటపెట్టినవారి పేరు కూడా ఉండాలి. రాసినవారు అన్న చోట స్వరూప తన పేరు రాసింది. రిపోర్ట్ చేసినవారు అన్న చోట ఆమె వేళ్లు ఆగాయి. కనకవ్వ పేరు రాయాలనుకుంది. కానీ ఆమెకంటే ముందు, మంచం మీద నుంచి, ఉన్న ఒంటి మాటలతో, విన్నవాడు లేకపోయినా విసుగు లేకుండా రిపోర్ట్ చేస్తూ పోయిన మనిషి ఇంకొకరు ఉన్నారు.

రిపోర్ట్ చేసినవారు: రాజవ్వ, గోదావరిఖని.

పంపేసింది. ఊళ్లో ఆ పేరు చదివినవాళ్లకు అర్థమవుతుంది. అవనీ, అర్థం కావాల్సిందే.

హెన్రిక్ ఈసారి గంటలోపే రాశాడు. “నేను పొరబడ్డాను. మీ అమ్మగారి గురించి చాలా బాధగా ఉంది. ఇది ఈ రోజే అన్ని పట్టీలకూ వెళ్లాలి. ఒక్కటే మిగిలింది. మా పద్ధతి ప్రకారం, తప్పును రిపోర్ట్ చేసినవారే కొత్త డ్రైవర్‌ను పరీక్షించి సరిగ్గా ఉందని చెప్తే మంచిది. రాజవ్వగారిని ఒకసారి అడగగలరా?”

ఆయనకు తెలియదు. తల్లి వేరు, రాజవ్వ వేరు అనుకున్నాడు.

స్వరూప ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. తల్లి పట్టీలోకి కొత్త డ్రైవర్‌ను ఎక్కించింది. పట్టీని తన మెడకు చుట్టుకుంది. లోపలి గుడ్డకు ఇంకా కొబ్బరినూనె వాసన ఉంది. ఇలియాస్ పెట్టె ఆన్ చేశాడు.

ముందు రెండు మాటలు అనుకోవాలి, వెనక గడి నిండేలా. “నీళ్లు వద్దు” అనుకుంది. పెట్టె రాజవ్వ గొంతుతో, గేటు ముందు జనాన్ని పిలిచే ఆ బొంగురు గొంతుతో, “నీళ్లు వద్దు” అంది.

తర్వాత ఒక్క మాట, తల్లిని పిలిచే మాట. స్వరూప పెదాలు కదల్చలేదు.

“అవ్వా,” అంది పెట్టె.

ఇలియాస్ తెర మీదికి వంగి మిగతా మూడు గళ్లూ చూశాడు.

“ఏం రాలేదక్కా,” అన్నాడు. “ఎనుక ఏం రాలే.”

ఆమె పట్టీ విప్పలేదు. ఇంకోసారి అనుకుంది. పెట్టె ఇంకోసారి పిలిచి ఊరుకుంది. ఇద్దరూ అలాగే విన్నారు.

స్వరూప కీబోర్డును దగ్గరికి లాక్కుని జవాబు రాసింది.

“రాజవ్వ అందుబాటులో లేరు. నేను పరీక్షించాను. సరిగ్గానే పనిచేస్తోంది.”